పాట విన్నారు... మాట విన్నారా?

గిటార్ల హోరు, డ్రమ్ముల మోత, జుట్టు విరబోసుకుని ఊగిపోయే గాయకులు... రాక్ సంగీతం అనగానే మన ఇళ్లలో చాలామంది కళ్లముందు మెదిలేది ఇదే. ఆ హోరు వెనక ఇష్టం లేకున్నా యుద్ధానికి వెళ్లిన కొడుకులున్నారు. తూటాలకు బలైన విద్యార్థులున్నారు. పని పోయిన కార్మికులున్నారు. నలభై, యాభై ఏళ్ల కిందటి ఆ పాటలు ఇప్పటికీ మోగుతున్నాయంటే కారణం బాణీలొక్కటే కాదు. వాటిలోని ప్రశ్నలు ఇంకా అలాగే ఉన్నాయి!

2020 సెప్టెంబరు. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల వేడి. మిషిగన్ రాష్ట్రంలో డొనాల్డ్ ట్రంప్ ప్రచారసభ. జనాన్ని హుషారెత్తించడానికి స్పీకర్లలో ఓ పాత పాట పెట్టారు. సభ ఊగిపోయింది. విషయం తెలిసి ఆ పాట రాసి పాడిన జాన్ ఫోగర్టీ మాత్రం తెల్లబోయాడు. తర్వాతి నెలలో, తన పాట వాడటం ఆపమంటూ లీగల్ నోటీసు పంపాడు.

ఎందుకంటే... డబ్బూ పలుకుబడీ ఉన్న ఇళ్ల పిల్లలు యుద్ధాన్ని తప్పించుకుంటారన్నదే ఆ పాటలోని ఆరోపణ. వియత్నాం యుద్ధకాలంలో ట్రంప్‌కు సైన్యంలో చేరకుండా ఐదుసార్లు వెసులుబాటు దొరికింది. నాలుగుసార్లు చదువు పేరుతో, ఒకసారి మడమ ఎముక సమస్యతో!

అదృష్టవంతుల కొడుకులు

ఆ పాట పేరు 'ఫార్చునేట్ సన్'. అంటే, అదృష్టవంతుడైన కొడుకు. 'క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్' బృందం 1969లో దాన్ని విడుదల చేసింది. అప్పట్లో అమెరికాలో నిర్బంధ సైనిక సేవ ఉండేది. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడి ఇంటికి ఏ రోజైనా ఉత్తరం రావచ్చు. కాలేజీలో చదువుతుంటే వాయిదా అడగొచ్చు. ఆరోగ్యం బాగాలేదని డాక్టరుతో రాయించుకోగలిగితే మినహాయింపు దొరకొచ్చు. కాలేజీ ఫీజు కట్టలేని ఇంటి కుర్రాడికి మాత్రం ఆ దారులు మూసుకుపోయినట్టే.

ఫోగర్టీకీ 1966లో ఆ ఉత్తరం వచ్చింది. సైన్యంలోని రిజర్వు విభాగంలో చేరి పనిచేశాడు. 1968 డిసెంబరులో, కొత్తగా అధ్యక్షుడిగా ఎన్నికైన నిక్సన్ కూతురికీ మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మనవడికీ పెళ్లయింది. దేశమంతా ఆ సంబరాన్ని చూస్తుంటే ఫోగర్టీకి మాత్రం 'ఇలాంటి ఇళ్లను యుద్ధం తాకుతుందా?' అనిపించింది. ఆ కోపంతోనే ఇరవై నిమిషాల్లో పాట రాసేశానని చెబుతాడు. నిజానికి ఆ పెళ్లికొడుకు తర్వాత నౌకాదళ రిజర్వులో పనిచేశాడు. కానీ పాట గురిపెట్టింది ఓ మనిషికి కాదు, ఓ పద్ధతికి.

పాట వచ్చిన కొద్ది నెలలకే, 1969 డిసెంబరు 1న సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి లాటరీ తీశారు. ఏడాదిలోని 366 తేదీలను చిన్న చిన్న గొట్టాల్లో పెట్టి గాజు పాత్రలో పోశారు. మొదట బయటికొచ్చిన తేదీ సెప్టెంబరు 14. ఆ రోజు పుట్టడమే ఎందరో కుర్రాళ్ల తలరాతను మార్చేసింది. ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికులే 58 వేల పైచిలుకు. వియత్నాం ప్రజల ప్రాణనష్టం అంతకు ఎన్నో రెట్లు.

పదమూడు సెకన్లు

1970 మే 4. ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ. యుద్ధాన్ని కంబోడియాకూ విస్తరించినందుకు విద్యార్థులు నిరసన తెలుపుతున్నారు. వాళ్లను చెదరగొట్టడానికి వచ్చిన నేషనల్ గార్డ్ సైనికులు కాల్పులు జరిపారు. కేవలం పదమూడు సెకన్లు. నలుగురు విద్యార్థులు చనిపోయారు. తొమ్మిదిమంది గాయపడ్డారు. చనిపోయినవారిలో ఇద్దరు అసలు నిరసనలోనే లేరు.

'లైఫ్' పత్రికలో ఆ ఫొటోలు చూసి గాయకుడు నీల్ యంగ్ కదిలిపోయాడు. గిటార్ అందుకుని 'ఒహాయో' పాట రాశాడు. దుర్ఘటన జరిగిన పదిహేడో రోజున రికార్డింగ్. జూన్‌కల్లా పాట దుకాణాల్లో, రేడియోల్లో ఉంది. పాటలో నేరుగా నిక్సన్ పేరే ఉండటంతో కొన్ని రేడియో కేంద్రాలు ప్రసారం చేయలేదు.

పాట యుద్ధాన్ని ఆపిందా? లేదు. ఆ తర్వాతా దాదాపు మూడేళ్లు అమెరికా సేనలు వియత్నాంలోనే ఉన్నాయి. కాల్పులు జరిపినవారిలో ఒక్కరికీ జైలుశిక్ష పడలేదు. కానీ పాట చేసింది వేరే పని. ఆ నలుగురినీ మరచిపోనివ్వలేదు. 2018లో నీల్ యంగ్ అదే పాటకు కొత్త వీడియో తెచ్చాడు. ఈసారి అతడు గుర్తుచేసింది బడుల్లోనూ వీధుల్లోనూ పేలుతున్న తుపాకులను.

జెండా చూసి మురిసిపోతే...

జనం చప్పట్లు కొడుతూనే తప్పుగా అర్థం చేసుకున్న పాటల్లో పేరుమోసింది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984లో పాడిన 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ'. పేరు వింటే దేశభక్తి గీతం. ఆల్బమ్ అట్ట మీద జెండా చారలు. లోపలున్నది మాత్రం వియత్నాం నుంచి తిరిగొచ్చి, సొంత ఊళ్లో పని దొరక్క తిరిగే మాజీ సైనికుడి గోడు!

ఆ ఏడాది సెప్టెంబరులో న్యూజెర్సీ ఎన్నికల సభలో అధ్యక్షుడు రీగన్, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ ఉందంటూ పొగిడారు. రెండు రోజులకు పిట్స్‌బర్గ్ కచేరీలో, అధ్యక్షుడు తన ఆల్బముల్లో ఏది విన్నారోనని స్ప్రింగ్‌స్టీన్ ఆశ్చర్యపోయాడు. వెంటనే, కార్ల ఫ్యాక్టరీ మూతపడి బతుకు చితికిపోయిన కార్మికుడి పాట అందుకున్నాడు.

'బార్న్ ఇన్ ద యూఎస్ఏ'ని అతడు 1982లోనే ఇంట్లో కూర్చుని, ఒక్క గిటార్‌తో పాడి రికార్డు చేసుకున్నాడు. అది వింటే ఎవరికైనా దుఃఖమే వినిపిస్తుంది. బాణీ జోరందుకునేసరికి దుఃఖం అడుగున పడి పల్లవే మిగిలింది.

గోడ దాటిన పాట

పాడినవాళ్ల చేతులు దాటి, బాధపడుతున్నవాళ్ల చేతికి చేరిన పాటలూ ఉన్నాయి. 1979లో లండన్ బృందం పింక్ ఫ్లాయిడ్ 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్' రెండో భాగాన్ని విడుదల చేసింది. పిల్లల్ని గోడలో ఇటుకల్లా మార్చేసే చదువుల మీద రోజర్ వాటర్స్ కోపం అది. బృందగానం పాడింది దగ్గర్లోని ఇస్లింగ్టన్ గ్రీన్ బడి పిల్లలు, 23 మంది.

కొద్ది నెలలకే ఆ పాట దక్షిణాఫ్రికా చేరింది. జాతి వివక్ష రాజ్యమేలుతున్న రోజులవి. తెల్లపిల్లల చదువుకు పెట్టే ఖర్చు నల్లపిల్లలకు పెట్టేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. 1980లో తరగతులు బహిష్కరించిన విద్యార్థులు ఈ పాటనే నినాదం చేసుకున్నారు. ప్రభుత్వం పాటను నిషేధించింది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2010లో, ఇరాన్ మూలాలున్న ఇద్దరు టొరంటో సోదరులు అదే పాటను ఇరాన్ పాలకుల మీదకు ఎక్కుపెట్టారు.

ఈ కథకు ఇంకో ముఖమూ ఉంది. పాట లక్షల్లో అమ్ముడుపోయింది. బడికి వెయ్యి పౌండ్లు ముట్టాయి. పాడిన పిల్లలకు రాయల్టీ రాలేదు. పెద్దయ్యాక 2004లో వాళ్లలో కొందరు తమ వాటా అడగాల్సి వచ్చింది. అన్యాయాన్ని ప్రశ్నించే పాట కూడా తన ఇల్లు చూసుకోవాలన్నమాట!

జవాబు దొరికేదాకా...

అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లో ఆగింది. దక్షిణాఫ్రికాలో జాతి వివక్ష పాలన 1994లో అంతమైంది. అయినా యుద్ధం ఎవరు ప్రకటిస్తారు, ఎవరి బిడ్డలు వెళతారు? ఫ్యాక్టరీ మూతపడితే కార్మికుడి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? బడి పిల్లాణ్ని మనిషిగా చూస్తోందా, మార్కులుగా చూస్తోందా? ఏ దేశంలో అడిగినా ఇవి పాత ప్రశ్నలు కావు. అందుకే ఆ పాటలూ పాతబడలేదు.

మీ అబ్బాయో అమ్మాయో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తలూపుతూ కనిపిస్తే, ఈసారి 'ఏంట్రా ఆ గోల' అనకండి. 'అందులో ఏం చెబుతున్నాడ్రా?' అని అడిగి చూడండి. వాళ్లూ అప్పటిదాకా బాణీయే విని ఉండొచ్చు. మీరు అడిగాకైనా మాట వింటారు.