ఈ-పేపర్ పలక

ఈ-పేపర్ పలక అనగా అచ్చు కాగితమును పోలిన తెరపై పుస్తకములు చదువుటకు ఉపయోగపడు ఎలక్ట్రానిక్ సాధనము. కొన్ని రకములలో కలముతో వ్రాయుటకు కూడా వీలున్నది. అక్షరములను పెద్దవి చేసుకొనవచ్చును గనుక అల్పదృష్టి, చేతుల బలహీనత, పఠన వైకల్యము గల విద్యార్థులకు ఇది సహాయక సాధనము కాగలదు. అయితే తెలుగు పుస్తకముల విషయములో దీని ప్రయోజనము పలక కంటె పుస్తకము తయారైన పద్ధతిపైననే ఎక్కువగా ఆధారపడి యున్నది.

పనిచేయు విధానము

తెర లోపల సూక్ష్మమైన గుళికలు ఉండును. ప్రతి గుళికలోను తెల్లని, నల్లని రేణువులు పరస్పర విరుద్ధమైన విద్యుదావేశముతో ద్రవములో తేలుచుండును. విద్యుత్తును మార్చినపుడు ఒక రంగు రేణువులు పైకి వచ్చి, రెండవవి క్రిందికి పోవును. ఒకసారి ఏర్పడిన పుట విద్యుత్తు లేకున్నను నిలిచియుండును. అందువలన బ్యాటరీ చాలా రోజులు వచ్చును. తెర తానుగా వెలుగదు, బయటి వెలుతురును ప్రతిఫలింపజేయును. రాయలసీమ ఎండలో, అరుగు మీద కూర్చున్నను అక్షరములు స్పష్టముగా కనిపించును.

చరిత్ర

1970వ దశకములో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయములో నికొలస్ షెరిడన్ తొలి రకము ఎలక్ట్రానిక్ కాగితమును రూపొందించెను. 1997లో అమెరికాలో ఈ ఇంక్ సంస్థ ఏర్పడినది. ఈ తెరతో 2004లో సోనీ లిబ్రియే, 2007లో అమెజాన్ కిండిల్ వెలువడినవి. కలముతో వ్రాయుటకు వీలున్న రీమార్కబుల్ పలక 2017లో వచ్చినది.

వికలాంగ విద్యార్థులకు ఉపయోగములు

* అల్పదృష్టి: తెలుగులో ద-ధ, ప-ఫ వంటి జంటలలో భేదము ఒక చిన్న గీత మాత్రమే. వత్తులు అక్షరము క్రింద సన్నగా ముద్రింపబడును. అక్షరములను పెద్దవి చేసినచో ఈ తేడాలు తెలియును. వెలుగు తెరను చూడలేని వారికి ఈ-పేపర్ హాయిగా ఉండును. అయితే నలుపు తెలుపుల మధ్య భేదము ఎక్కువగా కావలసిన వారికి సాధారణ తెరయే మేలు కావచ్చును.
* శారీరక వైకల్యము: బరువైన పుస్తకములను మోయవలసిన, పుటలను వ్రేళ్ళతో త్రిప్పవలసిన పని తప్పును.
* పఠన వైకల్యము: పంక్తుల మధ్య ఎడమును పెంచి, పుటకు కొద్ది పంక్తులే ఉంచుకొనవచ్చును.
* అంధత్వము: తెర వలన మాత్రమే ప్రయోజనము లేదు. పాఠమును చదివి వినిపించు ఏర్పాటు ఉండవలెను. కొన్ని పలకలలో స్పీకరు కూడా ఉండదు. బ్రెయిలీ, శబ్ద పుస్తకముల స్థానమును ఇది ఆక్రమింపజాలదు.
* బధిరత్వము: తెర నెమ్మదిగా మారును గనుక సైగల భాష వీడియోలకు తగినది కాదు.

తెలుగు పుస్తకముల సమస్య

తెలుగు అచ్చు పుస్తకములు అనేకము చాలాకాలము అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లతో కూర్చబడినవి. అట్టి పీడీఎఫ్‌లో కంటికి తెలుగు కనిపించినను, లోపల ఉన్న సంకేతములు తెలుగు అక్షరములవి కావు. చదివి వినిపించు సాఫ్ట్‌వేరు వాటిని అర్థములేని ధ్వనులుగా పలుకును. స్కాన్ చేసిన పుటలైనచో అవి కేవలము బొమ్మలు. వాటిని పెద్దవి చేసినపుడు పంక్తి తెర దాటిపోవును, విద్యార్థి ప్రతి పంక్తికి పుటను ప్రక్కకు జరుపుకొనవలసి వచ్చును. యూనికోడ్‌లో టైపు చేసిన ఈపబ్ పుస్తకమైనచో పంక్తులు తెర వెడల్పునకు తామే సర్దుకొనును. ఒకే ప్రతిని అల్పదృష్టి గలవారు చూచి, అంధులు విని, బ్రెయిలీలోకి మార్చి కూడా చదువుకొనవచ్చును.

చట్టము

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 17వ సెక్షను ప్రకారము, 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము గల విద్యార్థులకు 18 సంవత్సరముల వరకు పుస్తకములు, ఇతర బోధన సామగ్రి, తగిన సహాయక సాధనములు ఉచితముగా అందజేయవలెను. 2012లో సవరించిన కాపీరైటు చట్టము వికలాంగుల కొరకు పుస్తకములను వారికి అనువైన రూపములోనికి మార్చుటకు అనుమతించినది. ఇదే ఆశయము గల మర్రాకేష్ ఒడంబడికను 2014లో మొదట ధ్రువీకరించిన దేశము భారతదేశము. కావున మార్పిడికి చట్టము అడ్డంకి కాదు. ఎవరో ఒకరు కూర్చొని అక్షరములను సరిచేయుటయే మిగిలిన పని.

తిరుపతి, చిత్తూరు ప్రాంతము

2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము (1954), శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము (1983) తిరుపతిలోను, ద్రావిడ విశ్వవిద్యాలయము (1997) చిత్తూరు జిల్లా కుప్పములోను కలవు. తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యములో తిరుపతిలో బధిరుల పాఠశాల, వికలాంగులకు చికిత్స చేయు బర్డ్ వైద్యశాల నడుచుచున్నవి. తెలుగు సాహిత్యము అభ్యసించు విద్యార్థికి కావలసిన ప్రాచీన గ్రంథములలో అనేకము పాత ముద్రణలు. అవి యూనికోడ్ పాఠముగా లభించిననాడే పలక ఆ విద్యార్థికి పూర్తిగా అక్కరకు వచ్చును. అంతవరకు మరొకరు చదివి వినిపించుటయే ఆధారము.

ఇవి కూడా చూడండి

* బ్రెయిలీ లిపి
* యూనికోడ్
* తెలుగు లిపి