గల్ కాలికి కడియం ఎందుకు?

కెనడా ఉత్తర కొసన, నూనవుట్‌లో నసరువాలిక్ అనే చిన్న దీవి ఉంది. వేసవిలో సబీన్ గల్ అనే సముద్రపక్షులు అక్కడ నేలమీదే గుడ్లు పెడతాయి. మరి చలికాలం ఎక్కడ గడుపుతాయి?

కాలికి నంబరు కడియం తొడిగితే, మళ్లీ ఎవరైనా చూసినప్పుడే జాడ తెలుస్తుంది. నడిసముద్రంలో చూసేదెవరు? అందుకే వాటి కాలికి జియోలొకేటర్ అనే చిట్టి యంత్రం కట్టారు. అది నమోదు చేసేది వెలుతురును. పగలు ఎంతసేపుందో చూస్తే అక్షాంశం, మిట్టమధ్యాహ్నం ఎప్పుడైందో చూస్తే రేఖాంశం లెక్కకట్టొచ్చు. చిక్కేమిటంటే, ఆర్కిటిక్ నడివేసవిలో పొద్దే గుంకదు. అప్పుడీ లెక్క పనిచేయదు. పైగా యంత్రం ఏ కబురూ పంపదు. పక్షి తిరిగొచ్చాక, పట్టుకుని విప్పి చదవాల్సిందే!

అలా చదివితే తేలిందిది: ఒకే దీవి పక్షుల్లో కొన్ని పసిఫిక్‌లో పెరూ తీరానికి వెళ్తే, ఇంకొన్ని అట్లాంటిక్ మీదుగా దక్షిణాఫ్రికా వైపు వెళ్లాయి.