పగడానికి జబ్బు చేస్తే గుర్తుపట్టడం ఎలా?



గాజు తొట్టెలో ఉప్పునీరు నింపి, అందులో రంగురంగుల పగడాలను పెంచే అలవాటు అమెరికా, జర్మనీ, జపాన్ వంటి దేశాల్లో చాలా ఇళ్ళల్లో ఉంది. అక్కడ ఉన్న బంధువుల ఇళ్ళకు వెళ్ళివచ్చిన వారు కొందరు చూసే ఉంటారు. అలాంటి తొట్టెలో ఒక పగడం ఉన్నట్టుండి తెల్లబడితే, కారణం కనుక్కోవడం జీవశాస్త్రం చదివే పిల్లలకు చక్కని పాఠం. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఓపికగా చూడడం, సరైన ప్రశ్నలు వరుసగా వేసుకోవడం చాలు.

పగడం అంటే ఏమిటి?

పాఠ్యపుస్తకాల్లో ప్రవాళ భిత్తికలు అని చదువుతాం. వాటిని కట్టేది పాలిప్ అనే చిన్న మెత్తని జంతువు. వేలాది పాలిప్‌లు కలిసి సున్నపు గూడు కట్టుకుని, దానిమీద పల్చని చర్మంలా పరుచుకుని బతుకుతాయి. వాటి కణాల లోపల జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. అవి ఎండ వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో చాలా భాగం పగడానికి ఇస్తాయి. పగడానికి కనిపించే గోధుమ వన్నె ఎక్కువగా వాటిదే. (ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడం వేరే జాతి, అది దిబ్బలు కట్టదు.)

మొదటి ప్రశ్న: రంగు పోయిందా, కండ పోయిందా?

రెండింటిలోనూ పగడం తెల్లగానే కనబడుతుంది. కానీ తేడా చాలా ఉంది. భూతద్దంతో చూడండి. తెల్లటి భాగంమీద గాజులాంటి పల్చని పొర, చిన్న చిన్న మీసాలు కనబడితే పగడం బతికే ఉంది. వేడికో, వెలుతురు ఒక్కసారిగా పెరిగినందుకో లోపలి శైవలాలను బయటకు పంపేసింది. దీనిని వెలిసిపోవడం అంటారు. కారణం తొలగిస్తే కొన్ని వారాల్లోనో, నెలల్లోనో కోలుకునే అవకాశం ఉంది.

పొర అనేదే లేకుండా గరుకైన సున్నపు గూడు మాత్రమే కనబడితే అక్కడ కణజాలం చచ్చిపోయింది. మిగిలిన భాగాన్ని కాపాడుకోవలసిన సమయం అది.

ఒక హెచ్చరిక. కొమ్మల్లా పెరిగే పగడాల కొనలు ఎదిగే దశలో సహజంగానే తెల్లగా ఉంటాయి. అది జబ్బు కాదు, ఆరోగ్య లక్షణం.

రెండో ప్రశ్న: ఎక్కడ మొదలైంది?

1. పైభాగం మాత్రమే తెల్లబడితే వెలుతురు ఎక్కువైందని అనుమానించాలి.

2. అడుగునుండి మెల్లగా పైకి పాకితే నీటి రసాయన గుణాలు నిలకడగా లేకపోవడం, అడుగు భాగానికి వెలుతురు, నీటి కదలిక అందకపోవడం వంటివి చూడాలి.

3. పక్కనున్న పగడం వైపు మాత్రమే దెబ్బతింటే అది పొరుగువాని పని. కొన్ని పగడాలు రాత్రిపూట పొడవైన మీసాలు చాచి పక్కవాటిని కుడతాయి. రెంటినీ దూరంగా జరపాలి.

4. అక్కడక్కడ కొరికినట్టు మచ్చలుంటే చేపలు, నత్తలు, చదును పురుగులు కారణం కావచ్చు. దీపాలు ఆర్పిన ఒక గంట తర్వాత టార్చిలైటుతో వెతికితే దొంగ దొరుకుతాడు.

5. గోధుమరంగు జిగురు పట్టి, కండ కరిగి దుర్వాసన వస్తుంటే అది అంటుకునే జబ్బు. వెంటనే వేరు చేయాలి.

మూడో ప్రశ్న: ఎంత వేగంగా పాకుతోంది?

ఒకే చోటునుండి, ఒకే వెలుతురులో రోజూ ఫోటో తీసి, పక్కన స్కేలు పెట్టి కొలవండి. కొత్తగా చచ్చిన చోట గూడు మల్లెపువ్వులా తెల్లగా ఉంటుంది. పాతబడే కొద్దీ దానిమీద నాచు పట్టి పచ్చబడుతుంది. పచ్చటి భాగం, తెల్లటి పట్టీ, ఆ తర్వాత బతికిన కండ, ఈ వరుసే జబ్బు ఎటునుండి ఎటు వెళ్తోందో చెబుతుంది. కొన్ని గంటల్లోనే మొత్తం ఊడిపోతుంటే, ఆరోగ్యంగా ఉన్న కొమ్మను గీతకు దూరంగా కత్తిరించి వేరే తొట్టెలో పెట్టడం తప్ప మార్గం లేదు.

నాలుగో ప్రశ్న: ఈ మధ్య ఏం మారింది?

కరెంటు పోయిందా? కొత్త దీపం పెట్టారా? కొత్త పగడం తెచ్చారా? తర్వాత నీటిని పరీక్షించాలి. ఉష్ణోగ్రత సుమారు 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్, లవణీయత లీటరుకు 35 గ్రాముల దగ్గర, కాల్షియం 400 నుండి 450 మిల్లీగ్రాములు, క్షారత 7 నుండి 11 డీకేహెచ్ మధ్య ఉండడం మంచిది. అంకె ఎంత అనేదానికంటే అది రోజూ నిలకడగా ఉందా అన్నది ముఖ్యం. తేడా ఉంటే ఒక్కరోజులో సరిదిద్దకూడదు, మెల్లగా మార్చాలి. ఒకేసారి నాలుగు మందులు పోస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

తల్లిదండ్రులకు ఒక ముఖ్య గమనిక

జోయాంథిడ్ అనే బొత్తాల్లాంటి జీవుల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. వాటిని తాకేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. అవి పట్టిన రాళ్ళను వేడినీళ్ళలో ఉడకబెట్టకూడదు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి.

మన దేశంలో చట్టం

దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. రామేశ్వరంలోనో మాల్వణ్‌లోనో సముద్రంనుండి పగడపు ముక్క తీసుకురావడం, కొనడం, అమ్మడం నేరం. విహారయాత్రకు వెళ్ళే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

ఇంటి తొట్టెనుండి సముద్రానికి

2014లో అమెరికాలోని మయామీ దగ్గర పగడాల కండ వేగంగా ఊడిపోయే జబ్బు బయటపడి, కరీబియన్ సముద్రమంతటా పాకింది. ఈతగాళ్ళు నీటి అడుగున పైన చెప్పిన గీతనే వెతికి, దాని వెంబడి అమాక్సిసిలిన్ కలిపిన లేపనం పూశారు. జబ్బు చేరని చోట్ల పగడాలను ముందుగానే తీసి అక్వేరియంలలో దాచారు. తొట్టెల్లో పగడాలను బతికించిన అనుభవమే అక్కడ అక్కరకు వచ్చింది. మన మన్నారు సింధుశాఖలో 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి పగడాలు వెలిసిపోయాయి. అక్కడా పరిశోధకులు వేసుకునే మొదటి ప్రశ్న అదే: రంగు పోయిందా, కండ పోయిందా?

ఈ పని చేయడానికి చదువుకున్న యువత కావాలి. తమిళనాడులోని మన పిల్లలకు పరంగిపేట్టైలో అన్నామలై విశ్వవిద్యాలయపు సముద్ర జీవశాస్త్ర కేంద్రం, ఒడిశాలోని వారికి బరంపురం విశ్వవిద్యాలయం, యానాం వారికి దగ్గరలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంటర్‌లో జీవశాస్త్రం తీసుకున్నవారికి డాక్టరు చదువు ఒక్కటే దారి కాదని తల్లిదండ్రులు గుర్తించాలి. మాట్లాడలేని ప్రాణి నొప్పిని కనిపెట్టడం కూడా వైద్యమే.