పిల్లల నిద్రయు మానసికారోగ్యమును

పరీక్షలు సమీపించినపుడు పిల్లలను తెల్లవారుజామున నాలుగు గంటలకే లేపి చదివించుట మన యిండ్లలో చిరకాలముగా నున్న యాచారము. చీకటిపడిన కొంతసేపటికే యందరును పరుండిన దినములలో దానివలన గొప్ప హాని లేకుండెను. ఇప్పుడు పదునొకండు గంటలకు పరుండు విద్యార్థి నాలుగింటికి లేచినచో వానికి దక్కు నిద్ర యైదు గంటలే. 2016వ సంవత్సరమున అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ అను వైద్యసంఘమువారు 6 మొదలు 12 ఏండ్ల పిల్లలకు 9 నుండి 12 గంటలును, 13 మొదలు 18 ఏండ్లవారికి 8 నుండి 10 గంటలును నిద్ర కావలెనని తెలిపిరి.

నిద్ర తక్కువైనచో మనస్సు ఎట్లు చెడును? 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు, నిద్రించువారి కనుగ్రుడ్లు కొన్ని వేళల రెప్పలక్రింద వేగముగా కదలుటయు, ఆ సమయముననే స్వప్నములు విరివిగా వచ్చుటయు ప్రకటించిరి. ఈ స్వప్ననిద్ర రాత్రి తుదిభాగమున నెక్కువగా నుండును. పగటి దుఃఖభయముల తీవ్రతను తగ్గించుటకు ఇది తోడ్పడునని పలువుర యభిప్రాయము. వేకువనే లేపినచో మిక్కిలి నష్టమగునది యిదియే. మరియు, భయకోపములను రేపెడి బాదముగింజవంటి భాగమొకటి మెదడులో కలదు; నుదుటివైపు భాగము దానిని అదుపులో నుంచును. నిద్ర చాలనపుడు ఆ యదుపు సడలును. అందుచే స్వల్పవిషయమునకే కోపము, కారణము తెలియని యేడుపు, నిరాశ కలుగును. దిగులు మరల నిద్రను చెరచును. ఇట్లు రెండును ఒకదానినొకటి పెంచును.

యౌవనారంభమున మరియొక చిక్కు కలదు. నిద్రవేళను శరీరమునకు తెలుపు మెలటోనిన్ అను హార్మోను ఆ వయస్సున రాత్రి ఆలస్యముగా స్రవించును. కావున తొమ్మిదింటికి నిద్ర రాకుండుట మొండితనము కాదు, శరీరధర్మము. చేతిలోని ఫోను వెలుతురు నిద్రను మరింత ఆలస్యపరచును.

ఈ విషయమున మేమును పొరపడినవారమే. కొన్నియేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలుడొకడు పాఠము జరుగుచుండగా కునుకుచు, తోడివారితో కలహించుచు నుండెను. వానిని పలుమారు నిలువబెట్టి మందలించితిమి. ఒకనాడు వాని తల్లి వచ్చి, “మాస్టరుగారూ, పన్నెండుదాకా చదువుతాడు, నాలుగింటికి మేమే లేపుతున్నామండీ. ఈమధ్య అన్నం సరిగా తినడు, ఊరికే ఏడుస్తాడు” అని చెప్పెను. మేము సిగ్గుపడితిమి. పదింటికే దీపమార్పి, ఆరింటివరకు నిద్రింపనిండని చెప్పితిమి. నెల తిరుగకముందే వాని ముఖము తేటపడెను, పాఠమున ప్రశ్నలడుగసాగెను.

కావున తల్లిదండ్రులారా, ప్రతిదినము ఒకే వేళకు పిల్లలను పరుండబెట్టుడు. పడకయొద్ద ఫోను నుంచకుడు. సాయంకాలము దాటిన పిమ్మట కాఫీ, టీలు ఇయ్యకుడు. రెండు వారములైనను దిగులు తగ్గనిచో వైద్యునికి చూపుడు. విద్యార్థులారా, నిద్ర రానిచో దాచక పెద్దలకు చెప్పుడు. ఉపాధ్యాయులమైన మనము, పిల్లవానిని దండించుటకు ముందు, “రాత్రి నిద్రపోయితివా?” అని యడుగుట నేర్చుకొందము.