గుడి పక్కన బడి

చిన్నపిల్లలను ప్రభువు దగ్గరకు తీసుకొస్తుంటే శిష్యులు అదిలించారు. అది చూసి యేసుకు కోపం వచ్చిందని మార్కు సువార్త పదో అధ్యాయం చెబుతోంది. ఆయన కోపగించిన సందర్భాలు సువార్తల్లో చాలా తక్కువ. దేవాలయంలో బేరాలు పెట్టినవాళ్లమీద కోపగించుకున్నాడు. ఇక్కడ మాత్రం కోపం పరాయివాళ్ల మీద కాదు, తన వెంట తిరిగే సొంత మనుషుల మీదే. ఈ వాక్యాన్ని మనం బాలల పండుగనాడు చదివి, చాక్లెట్లు పంచి మర్చిపోతుంటాం.

పల్నాడులో రాజుపాలెం, కొండమోడు, రెడ్డిగూడెం వైపు వెళ్లండి. రోడ్డుకు ఇరువైపులా మిరప, పత్తి చేలు. మిరప కోతలు మొదలయ్యాయంటే కూలి కుటుంబాల పిల్లల హాజరు పట్టీలో ఖాళీలు కనిపిస్తాయి. ముందుగా ఆగేది ఆడపిల్ల చదువు. తల్లి చేనికి వెళితే చంటిబిడ్డను ఎవరు చూడాలి? ఇంట్లో పెద్దపిల్లే చూడాలి. ఈ ప్రశ్న ఇవాళ్టిది కాదు. సత్తెనపల్లి దాటి ఫిరంగిపురం చేరితే, నూట అరవై ఏళ్ల కిందట దీనికి జవాబు వెతికిన ఒక స్త్రీ కథ వినిపిస్తుంది.

ఆమె తాటిపర్తి జ్ఞానమ్మ. 1822లో ఫిరంగిపురంలో పుట్టారు. బడిపంతులు ఇన్నయ్యను పెళ్లాడి, బిడ్డల తల్లి అయ్యారు. తెలుగు కతోలికులు వలసవెళ్లి స్థిరపడిన కీలచ్చేరిలో ఆ కుటుంబం బతికింది. అది ఇప్పుడు తమిళనాడులో ఉంది. భర్త పోయాక జ్ఞానమ్మ ఇంట్లో మూల కూర్చోలేదు. 1863లో అక్కడే ఆడపిల్లలకు బడి పెట్టారు. విధవ ఎదురొస్తే అపశకునమని జనం పక్కకు తప్పుకునే రోజులవి. అలాంటి రోజుల్లో ఊరి ఆడపిల్లలను పోగేసి అక్షరాలు దిద్దించడమంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి! ఆమె వెంట నడిచిన వారితోనే పునీత అన్నమ్మ పేరిట మఠకన్యల సభలు ఏర్పడ్డాయి. 1874లో ఆమె కన్నుమూశారు. తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా పిలుస్తోంది. విదేశాల నుంచి వచ్చిన మిషనరీల పేర్లు మనకు బాగానే తెలుసు. 1904లో హాలెండు నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. సిస్టర్ల సేవ ఎవరూ కాదనలేనిది. అయితే వాళ్లకంటే నలభై ఏళ్ల ముందే మన తెలుగు తల్లి ఒకరు ఈ పని మొదలుపెట్టారన్న సంగతి మన పిల్లలకే తెలియదు. ఈ తప్పు మనదే.

కతోలిక బడిలో రోజు ఎలా మొదలవుతుందో అక్కడ చదివినవారికి చెప్పక్కర్లేదు. గంట కొట్టగానే వరుసలు, సిలువ గురుతు, ప్రార్థన. తరువాత కతోలిక పిల్లలు సత్యోపదేశానికి, మిగతావాళ్లు నీతిబోధకు వెళతారు. బోర్డింగు పిల్లలైతే తెల్లవారకముందే లేచి దివ్యపూజకు హాజరు కావాలి. సగం మంది కునికిపాట్లు పడతారు, సిస్టరుగారు వెనక నుంచి తడతారు. అక్టోబరు వస్తే సాయంత్రం జపమాల. డిసెంబరులో గడ్డి, మట్టి, రంగు కాగితాలతో పశువుల పాక కడతారు. గొర్రెల కాపరి వేషానికి హిందూ, ముస్లిం పిల్లలే ముందు చేతులెత్తుతారు. వాళ్ల తల్లిదండ్రులకూ దానిలో అభ్యంతరం కనిపించదు. పల్నాడులో మతసామరస్యం అన్న మాట అలవాటుగా మారింది ఇలాంటి చోట్లే.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే నిజం సగమే అవుతుంది. మన విచారణల్లో రెడ్లు, కమ్మవారు, మాలలు, మాదిగలు ఒకే బలిపీఠం ముందు మోకరిస్తారు. బయటికి వచ్చాక ఎవరి పేట వారిదే, చాలాచోట్ల ఎవరి సమాధుల దొడ్డి వారిదే. తిరుసభలో అంటరానితనం ఉందని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యే 2016లో తన విధానపత్రంలో ఒప్పుకుంది. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనే దిక్కు. అలాంటి ఇంటి బిడ్డకు బడి ఒక్కటే నిచ్చెన. పక్క పేట పిల్లాడి భుజానికి భుజం ఆనించి కూర్చునేదీ, ఒకే పళ్లెంలో పులిహోర పంచుకునేదీ ఆ బెంచీ మీదనే.

ఆ బెంచీకి ఇప్పుడు ఫీజు అడ్డం వస్తోంది. ఇంగ్లీషు మీడియం కతోలిక బడుల్లో పట్నం పిల్లలు నిండుతుంటే, గుడి వెనక పేటలోని పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? ఎయిడెడ్ బడులు ఉన్నంతకాలం పేదవాడికి కాస్త చోటు దక్కింది. 2021 ఆగస్టులో ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వానికి అప్పగించాలనీ, లేదంటే ఎయిడెడ్ టీచర్లను వదులుకుని సొంతంగా నడుపుకోవాలనీ ఉత్తర్వులు వచ్చాయి. విశాఖ జ్ఞానాపురంలో తల్లులు బిడ్డలను వెంటబెట్టుకుని రోడ్డెక్కారు. ఆందోళనల తరువాత నవంబరులో, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలు కల్పించారు. ఆ తల్లుల్లో అందరూ క్రైస్తవులు కారు. తక్కువ ఖర్చుతో నమ్మకంగా చదువు చెప్పే చోటు పోతుందన్నదే వాళ్ల ఏడుపు.

కర్నూలు జిల్లా పోలూరులో ఒక దళిత కుర్రవాడు ఏడో తరగతి తరువాత పేదరికం వల్ల చదువు ఆపేశాడు. మిషనరీలు అతన్ని కడప తీసుకెళ్లి చదివించారు. అతనే పూల ఆంథోనీ. 2008లో కర్నూలు పీఠాధిపతి అయ్యారు. 2022 ఆగస్టు 27న రోములో పోపు ఫ్రాన్సిస్ ఆయనను కార్డినలుగా నియమించారు. తెలుగువారిలో తొలి కార్డినలు, భారతదేశ దళితుల్లోనూ తొలి కార్డినలు ఆయనే. ఆ ఏడో తరగతి తరువాత పోలూరుకు ఎవరూ రాకపోయి ఉంటే?

ఈ ఏడాది మిరప కోతలు మొదలయ్యాక మన విచారణలో బడికి రాని పిల్లలెందరో లెక్క తీయడానికి, ఆదివారం పూజ తరువాత ఒక్క గంట చాలు. ఉపదేశిగారికి ప్రతి ఇల్లూ తెలుసు.