పాత చిన్న కారు పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నదా? కారణము కనుగొను విధము

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ప్రాంతములలో చిన్న కారు నేడు విలాసవస్తువు కాదు. విత్తనములు తెచ్చుటకును, పొలములోని కూలీలకు అన్నము చేర్చుటకును, గుంటూరు మిర్చి యార్డులో ధర చూచి వచ్చుటకును, ఇంటిలో ఎవరికైన జబ్బు చేసిన రాత్రివేళ నరసరావుపేటకో, చిలకలూరిపేటకో, ఒంగోలుకో తీసికొని పోవుటకును అదియే ఆధారము. ఇట్టి కార్లలో పెక్కు ఒకరు వాడిన తరువాత మరొకరు కొన్నవే. మారుతి 800 కారు 1983 డిసెంబరులో వెలువడినది; 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయినది. కావున ఆ కార్లలో కడపటి దానికి కూడ పదేండ్లు నిండినవి. 2000లో వచ్చిన ఆల్టో కార్లలో మొదటివి పాతికేండ్ల నాటివి.

ఇట్టి పాత కారు ఒకప్పుడు లీటరుకు 18 కిలోమీటర్లు పోయెడిది, ఇప్పుడు 15 మాత్రమే పోవుచున్నదనుకొనుడు. నెలకు 600 కిలోమీటర్లు తిరుగు రైతుకు పూర్వము నెలకు సుమారు 33 లీటర్లు చాలెడివి. ఇప్పుడు 40 లీటర్లు కావలెను. ఏడాదికి 80 లీటర్ల పెట్రోలు అదనము. లీటరు 110 రూపాయలుగా లెక్కించిన, సంవత్సరమునకు 8,800 రూపాయలు. ఇది పెద్ద నష్టమే. కాని దీనికంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. కారణము తెలియకయే ఇంజను విప్పించుట.

మిరప తోటలో ఆకులు ముడుచుకొన్నప్పుడు అనుభవజ్ఞుడైన రైతు వెంటనే మందుల దుకాణమునకు పరుగెత్తడు. ముందు ఆకు చూచును. అంచులు పైకి ముడిచినచో తామరపురుగు. క్రిందికి ముడిచినచో నల్లి. తామరపురుగు మందులలో పెక్కు నల్లికి పనిచేయవు. డబ్బు పోవును, తోటయు పోవును. కారు విషయమును అంతే. ముందు కొలత, పిమ్మట పరీక్ష, చివరకు ఖర్చు. ఈ వరుస తప్పరాదు.

మొదట సరిగా కొలువుడు

"పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నది" అనునది అనుమానము మాత్రమే. దానిని అంకెలలోనికి తేవలెను. ఒక బంకులో ట్యాంకు నింపించుడు. గొట్టము తనంతట తాను ఆగిన వెంటనే చాలించుడు. అంచు వరకు పోయింపవద్దు. మీటరులోని కిలోమీటర్లు ఒక పుస్తకములో వ్రాసికొనుడు. కనీసము 200 కిలోమీటర్లు తిరిగిన తరువాత అదే బంకులో మరల అదే విధముగ నింపించుడు. ఉదాహరణకు మీటరు 61,420 నుండి 61,672 వరకు నడచి, రెండవసారి 16.8 లీటర్లు పట్టినచో, 252ను 16.8చే భాగింపగా 15 వచ్చును. ఇట్లు మూడుసార్లు చేసి సగటు తీయవలెను. ఒక్క ట్యాంకు లెక్కను నమ్మరాదు.

మీటరు కూడ సరిగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. టైర్ల సైజు మార్చినచో మీటరు తప్పు చూపును. జాతీయ రహదారిపై 10 కిలోమీటరు రాళ్ళు లెక్కించి, మీటరుతో పోల్చిన ఈ సంగతి తెలియును.

మరియు పోలిక సమానముల మధ్య ఉండవలెను. నిరుడు రహదారిపై ఒంటరిగా పోయిన లెక్కను, ఈ ఏడు కోతల కాలములో నలుగురు మనుషులతో, ఏ.సి. వేసికొని, డొంకదారిలో రెండవ గేరుతో తిరిగిన లెక్కతో పోల్చిన ప్రయోజనము లేదు. మూడు నాలుగు కిలోమీటర్ల చిన్న ప్రయాణములే ఎక్కువైనను మైలేజీ తగ్గును. ఇంజను వేడెక్కక ముందే ఆపుచున్నారు గదా! ఎరువులు వేసిన మడిని, వేయని మడిని ఒకే నేలలో పోల్చినట్లు, ఇచటను ఒకే దారిని, ఒకే బరువును పోల్చవలెను.

పెట్రోలులో వచ్చిన మార్పు

నేడు బంకులలో అమ్ము పెట్రోలు పూర్వపు పెట్రోలు కాదు. అందులో ఇథనాలు కలియుచున్నది. దేశములో ఈ మిశ్రమము 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. చెరకు, నూకలు, మొక్కజొన్న దీనికి ముడిసరకులు. వరి మాగాణులలో దుక్కి లేకుండ మొక్కజొన్న వేయు మన రైతులకు ఈ గిరాకీ వలన లాభమును కలదు.

లీటరు ఇథనాలులోని వేడిశక్తి లీటరు పెట్రోలులోని దానిలో సుమారు మూడింట రెండు వంతులే. కావున 20 శాతము కలిపిన పెట్రోలులో శక్తి, ఏమియు కలపని పెట్రోలు కంటె 6, 7 శాతము తక్కువ. 10 శాతము మిశ్రమమునకు సర్దిన పాత రకపు కార్లలో మైలేజీ 6 నుండి 7 శాతము తగ్గునని 2021లో వెలువడిన నీతి ఆయోగ్ నివేదికయు అంచనా వేసినది. మీ పాత లెక్క 2022 తరువాతిదైనచో, అప్పటికే 10 శాతము కలిసియున్నది గనుక, శక్తి లెక్క ప్రకారము తేడా ఇందులో సగమే.

ఈ అంకెను బాగుగా గుర్తుంచుకొనవలెను. 18 నుండి 15కు పడుట అనగా 16, 17 శాతము తగ్గుదల. ఇందులో 6, 7 శాతమే పెట్రోలు వంతు. మిగిలిన 10 శాతము కారులోనే వెదుకవలెను. దానికి విరుద్ధముగా మీ కారు 18 నుండి 17కు మాత్రమే తగ్గి, ఇతర లక్షణములేవియు లేనిచో, మెకానిక్కు చేయగలిగిన పని అందులో ఏమియు లేదు. ఖర్చు పెట్టవద్దు.

ఖర్చు లేని పరీక్షలు

1. టైర్ల గాలి: ఉదయము కారు కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడవలెను. ఎంత గాలి ఉండవలెనో కారుతో వచ్చిన పుస్తకములోనో, తలుపు వద్ద అంటించిన చీటీపైనో ఉండును. పంచరు దుకాణములలో "పాయింటు" అను కొలతలో నాలుగు టైర్లలోను ఒక్కొక్క పాయింటు తగ్గినచో మైలేజీ సుమారు 0.2 శాతము తగ్గును. 8 పాయింట్లు తక్కువైనచో ఒకటిన్నర శాతము దాటును. ఇది చిన్న వంతే. కాని సరిచేయుటకు పైసా ఖర్చు లేదు. టైరు ఒక అంచుననే అరిగియున్నచో అలైన్‌మెంటు తప్పినదని గ్రహింపవలెను.

2. బ్రేకు పట్టుట: నల్లరేగడి బురద చక్రముల లోపల, హ్యాండు బ్రేకు తీగ వద్ద చేరి ఎండిన రాయివలె గట్టిపడును. బ్రేకు వదలినను పూర్తిగా వదలదు. ఇంజను ఒకవైపు లాగును, బ్రేకు మరొకవైపు పట్టును. చదునైన చోట గేరు తీసి, హ్యాండు బ్రేకు వదలి, ఒక మనిషి నెట్టి చూడవలెను. చిన్న కారు సులువుగా కదలవలెను. తరువాత బ్రేకు ఎక్కువ వాడకుండ ఐదారు కిలోమీటర్లు పోయి ఆగి, ఒక్కొక్క చక్రము దగ్గరకు అరచేయి తీసికొనిపోయి వేడి చూచుడు. చక్రమును తాకరాదు, కాలును. ఒక చక్రము తక్కినవాటికంటె ఎక్కువ వేడిగా ఉన్నచో దోషము అచటనే. ఇది పెట్రోలు సమస్య మాత్రమే కాదు, ప్రాణములకు సంబంధించినది. వేడెక్కిన బ్రేకు అవసర సమయమున పట్టకపోవచ్చును. వెంటనే బాగుచేయింపవలెను.

చక్రము త్రిప్పి చూచుటకు జాకీ వేయునప్పుడు, రేగడి నేలలో జాకీ దిగబడును. క్రింద మందపు చెక్క ఉంచి, మిగిలిన చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టవలెను. జాకీపై నిలిచిన కారు క్రిందికి ఎన్నడును దూరరాదు.

3. కారుట: రాత్రి నిలిపిన చోట ఉదయము పెట్రోలు వాసనగాని తడిగాని కలదా? పాత రబ్బరు గొట్టములు ఎండకు బీటలు వారును. పూర్వపు రబ్బరులో కొన్ని రకములు ఇథనాలుకు తట్టుకొనలేవు. గొట్టములను పగటివెలుతురులోనే చూడవలెను. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు. కారుచున్న కారును గొట్టము మార్చువరకు నడపరాదు.

4. బరువు, వేగము: డిక్కీలో మరచిపోయిన సామాను దింపుడు. మిరప టిక్కీలు మోయుటకు చిన్న కారు తగినది కాదు. రహదారిపై 100 వేగముతో పోవు కారు, 70తో పోవుదానికంటె గాలిని రెట్టింపు బలముతో త్రోయవలసియుండును.

కొద్ది ఖర్చుతో చేయు పరీక్షలు

గాలి ఫిల్టరు: కోతల కాలములో మన డొంకల దుమ్ము ఫిల్టరును త్వరగా మూసివేయును. ఇచట ఒక భేదము తెలిసికొనవలెను. కార్బొరేటరు ఉన్న పాత బండ్లలో ఫిల్టరు మూసికొన్నచో గాలి తగ్గి, పెట్రోలు పాలు హెచ్చి, మైలేజీ పడిపోవును. 2000 ప్రాంతము నుండి వచ్చిన ఇంజెక్షను బండ్లలో కంప్యూటరు వచ్చిన గాలిని బట్టి పెట్రోలు తగ్గించును గనుక, మైలేజీ అంతగా మారదు. లాగుడు మాత్రము తగ్గును. ఏ బండి అయినను మురికి ఫిల్టరు మార్చవలసినదే. ఫిల్టరు లేకుండ నడుపుట మాత్రము ఇంజనుకు విషము పెట్టుటయే. దుమ్ము సిలిండర్లను ఆకురాయివలె అరగదీయును. కల్లము ప్రక్కన వారముల తరబడి కదలకుండ ఉంచిన కార్లలో ఎలుకలు ఫిల్టరు పెట్టెలో గూడు పెట్టుట, తీగలు కొరుకుట కలదు, అదియు చూచుకొనుడు.

స్పార్కు ప్లగ్గులు: కారు రోగమును తెలుపు ఆకులు ఇవే. ఇంజను చల్లారిన తరువాత, ఏ తీగ ఏ ప్లగ్గుదో గుర్తు పెట్టి, విప్పించి వరుసగా పెట్టి చూచుడు. కొన లేత గోధుమ రంగులోగాని బూడిద రంగులోగాని ఉన్నచో ఆరోగ్యము. పొడి నల్లమసి పట్టినచో పెట్రోలు ఎక్కువగా వచ్చుచున్నది. నూనె తడి ఉన్నచో ఇంజను ఆయిలు లోపలికి చేరుచున్నది. తెల్లగా కాలినచో పెట్రోలు తక్కువైగాని, వేడి మితిమీరిగాని ఉండవచ్చును.

మడిలో ఒక చోటనే మొక్కలు వాడినచో అచటి వేరు చూతుము. మడి అంతయు వాడినచో నీరు చూతుము. అట్లే మారుతి 800లోని మూడు ప్లగ్గులలో ఒకటి మాత్రమే తేడాగా ఉన్నచో దోషము ఆ ఒక్క సిలిండరుది. మూడును నల్లగా ఉన్నచో దోషము అన్నిటికి ఉమ్మడియైన చోట ఉన్నది: మురికి ఫిల్టరు, పూర్తిగా వెనుకకు పోని చోకు, కార్బొరేటరులో అరిగిన సూది, ఇంజెక్షను బండిలో పాడైన ఆక్సిజను సెన్సారు. ఇంజను బొమ్మ గల పసుపు దీపము ఆరకుండ వెలుగుచున్నచో, స్కానరు ఉన్న షెడ్డులో చదివించి, తరువాతనే భాగములు మార్పింపవలెను.

థర్మోస్టాటు: ఇంజను తగిన వేడికి చేరువరకు నీటిని రేడియేటరుకు పోకుండ ఆపు చిన్న తలుపు ఇది. మన ఎండలకు భయపడి కొందరు మెకానిక్కులు దీనిని తీసివేయుచున్నారు. ఇది మేలు కాదు. ఇంజను ఎప్పుడును చల్లగానే ఉండుట వలన కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పంపును. సిలిండర్లును త్వరగా అరుగును. రహదారిపై అరగంట నడచిన తరువాత కూడ వేడి సూచించు ముల్లు అడుగుననే ఉన్నచో, ఈ తలుపు లేకుండుటగాని, తెరచుకొనియే నిలిచిపోవుటగాని జరిగియుండును. క్రొత్తది స్వల్ప ధరకే లభించును.

క్లచ్చి: పై గేరులో గట్టిగా తొక్కినప్పుడు ఇంజను రొద పెరిగి, వేగము పెరగనిచో క్లచ్చి జారుచున్నది. పెట్రోలు కాలుచున్నను ఆ శక్తి చక్రములకు చేరుట లేదు.

ఇంజను విప్పుటకు ముందు

పైవన్నియు సరిగా ఉండియు మైలేజీ రానప్పుడే ఇంజను అరుగుదలను అనుమానింపవలెను. అప్పుడును పొగ సాక్ష్యము కావలెను. నల్లపొగ పెట్రోలు హెచ్చునకు గుర్తు. దానికి ఇంజను విప్పనక్కరలేదు. నీలిపొగ ఆయిలు కాలుటకు గుర్తు. వేడెక్కిన తరువాత కూడ ఆగని తెల్లపొగ, తరుగుచున్న రేడియేటరు నీరు, హెడ్డు గ్యాస్కెట్టు పోయినదని చెప్పును.

తరువాత కంప్రెషను పరీక్ష చేయింపవలెను. ప్లగ్గు రంధ్రములో మీటరు పెట్టి ఒక్కొక్క సిలిండరు ఒత్తిడి చూతురు. తక్కువైన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మరల చూడగా ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి. పెరగనిచో దోషము వాల్వులది. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు తక్కువైనచో వాటి నడుమ గ్యాస్కెట్టు పోయియుండవచ్చును. ఈ అంకెలు కాగితముపై చూపని మెకానిక్కుచే ఇంజను విప్పింపవద్దు. అంకెలు చూచిన పిదప, బాగుచేయించు ఖర్చును, ఏటా మిగులు పెట్రోలు ఖర్చును ప్రక్కప్రక్కన వేసి చూడవలెను. కొన్ని కార్లకు పాతిక వేలు పెట్టుటకంటె అమ్ముటయే లాభము.

పెట్రోలు గొట్టమునకు కట్టు అయస్కాంతములు, ట్యాంకులో వేయు బిళ్ళలు మైలేజీ పెంచునని ఎవరైన చెప్పినచో, వారిని మూడు ట్యాంకుల లెక్క అడుగుడు.

గుర్తుంచుకొనవలసిన ముఖ్య విషయములు

1. మూడు ట్యాంకుల సగటు తీయకుండ రోగము కలదని నిర్ణయింపవద్దు.
2. తగ్గుదలలో పెట్రోలు వంతు తీసివేసి, మిగిలిన దానికే కారణము వెదుకుడు.
3. టైర్లు, బ్రేకులు, గొట్టములు మొదట; ఫిల్టరు, ప్లగ్గులు, థర్మోస్టాటు తరువాత; ఇంజను చివర.
4. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, మరల కొలువుడు. మూడు మందులు కలిపి కొట్టినచో ఏది పనిచేసినదో తెలియదు.
5. బ్రేకు వేడి, పెట్రోలు వాసన కనిపించినచో లెక్కలు మాని వెంటనే బాగుచేయింపుడు.

కారులో ఒక చిన్న పుస్తకము, పెన్సిలు ఉంచుడు. పెట్రోలు పోయించినప్పుడెల్ల తేదీ, కిలోమీటర్లు, లీటర్లు వ్రాయుడు. పొలము ఖర్చులకు పద్దు వ్రాయు రైతుకు ఇది క్రొత్త పని కాదు.