గీత నుండి కోడు వఱకు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమున, శంకర్‌పల్లి మండలమునకు చెందిన కొండకల్ గ్రామమందు మేధా సంస్థవారు నెలకొల్పిన రైలుపెట్టెల కర్మాగారమును 2023 జూన్ 22వ తేదీన నాటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు ప్రారంభించిరి. అట్టి కర్మాగారములలో ఒక ఉక్కురేకును వంచవలసివచ్చినను, రెండు చట్రములను వెల్డింగు చేయవలసివచ్చినను, కార్మికుని చేతికి మొదట అందునది డ్రాయింగు. పొడవెంత, మందమెంత, ఏ లోహము, ఏ కొలతలో ఎంత తేడా చెల్లును, ఏ భాగము దేనికి అమరును అను వివరములన్నియు దానియందే యుండును. డ్రాయింగు లేకుండ, రైలుపెట్టె ఫోటోను చూపి "ఇట్టిది చేయుము" అన్నచో, ఎంతటి నిపుణుడైనను ఊహతోనే పని నడుపవలసివచ్చును.

ఈ ఊరికి తూర్పున, గచ్చిబౌలి మాదాపూరుల ఐటీ కార్యాలయములలో, మనము ఫోనులో చూచు తెరలను డిజైనర్ గీయగా, డెవలపర్ ఆ బొమ్మను ప్రక్కన తెఱచిపెట్టుకొని, అంచులయొద్ద విడిచిన చోటును, రంగు సంఖ్యను, అక్షరముల పరిమాణమును ఒక్కొక్కటిగా చూచి కోడుగా వ్రాయు శ్రమ ఏండ్ల తరబడి సాగినది. ఆ శ్రమను తగ్గింపవచ్చిన సాధనముయొక్క జీవితకథ, ఫోటోకును డ్రాయింగునకును గల భేదమును చిరకాలము మఱచి మరల గుర్తించిన కథ.

1963లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థి ఇవాన్ సదర్లండ్ తన డాక్టరేటు పరిశోధనగా స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును రచించెను. కాంతికలముతో తెరపై గీసిన రెండు గీతలు సమాంతరములై యుండవలెనని ఒకసారి నిర్దేశించినచో, ఒకదానిని కదల్చినప్పటికిని ఆ నియమము చెడకుండునట్లు ఆ ప్రోగ్రాము బొమ్మను సవరించుకొనుచుండెను. అనగా అది భద్రపఱచినది కేవలము చుక్కలను గాదు, వాటి సంబంధములను కూడ. నా దృష్టిలో ఈ రంగమున ఇంతకు మించిన ఆలోచన నేటికిని పుట్టలేదు. 1988 నాటికి ఫ్రెంచి దేశస్థుడగు జాన్ మారీ హ్యూలో నెక్స్ట్ కంప్యూటరుకై ఇంటర్‌ఫేస్ బిల్డరును సిద్ధపఱచెను. 1991లో మైక్రోసాఫ్టువారి విజువల్ బేసిక్ వెలువడెను. బటనును మౌసుతో లాగి తెరపై నిలిపి, దాని వెనుక నాలుగు వరుసలు వ్రాసినంతనే ప్రోగ్రాము నడచెడిది. అయితే వెబ్ విస్తరించి, ఫోనులు నానాపరిమాణములలో పుట్టుకొనిరాగా, ఒక తెరకు కుదిరిన అమరిక వేఱొక తెరకు కుదరక, గీయువారును వ్రాయువారును మరల వేర్వేఱైరి.

2017లో టోనీ బెల్ట్రమెల్లి ప్రకటించిన పిక్స్‌టుకోడ్ అను న్యూరల్ నెట్‌వర్కు ఒక్క స్క్రీన్‌షాటును చూచి, ఐఫోను, ఆండ్రాయిడ్, వెబ్ మూడింటికిని కోడును 77 శాతమునకు పైబడిన కచ్చితత్వముతో ఉత్పత్తి చేసెను. అది నిజముగ ఆశ్చర్యకరమైన సాధన. కాని అది చదివినది ఫోటోను. మిగిలిన తప్పులను వెదకి దిద్దుట మనుష్యునికే మిగిలెను.

డ్రాయింగు మఱియొక దారిన వచ్చెను. బ్రౌన్ విశ్వవిద్యాలయ విద్యార్థులగు డిలన్ ఫీల్డ్, ఇవాన్ వాలెస్ 2012లో స్థాపించి, 2016లో లోకమునకు విడుదల చేసిన ఫిగ్మాలో, తెర యనగా ఒక వృక్షము: ఫ్రేములో ఫ్రేము, దానిలో బటను, బటనులో మాట, ప్రతిదానికి పేరు, కొలత, రంగు. ఆ వృక్షమును ఏఐ సహాయకునకు వినిపించు ఉమ్మడి భాష 2024 నవంబరులో లభించెను; ఆంత్రొపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్ అను పేర, సంక్షేపముగ ఎంసీపీగా, దానిని అందఱికిని ఉచితముగా వెలువరించినది. 2025 జూన్‌లో ఫిగ్మా తన ఎంసీపీ సర్వరును బీటారూపమున తెచ్చెను.

దీనిని అమర్చుకొనుట కష్టతరము గాదు. కంప్యూటరులోని ఫిగ్మా యాపునందు డిజైను ఫైలును తెఱచి, డెవ్ మోడ్‌కు మారి, ఎంసీపీ సర్వరును ఆన్ చేసినచో, అది ఆ కంప్యూటరులోనే 127.0.0.1 అను చిరునామాలో 3845వ పోర్టున మేల్కొనును. ఆ చిరునామాను వీఎస్ కోడ్, కర్సర్ వంటి ఎడిటరు సెట్టింగులలో చేర్చవలెను. పిమ్మట ఒక ఫ్రేమును ఎంచుకొని "దీనికి కోడు వ్రాయుము" అన్నప్పుడు, సహాయకుడు సర్వరును అడిగి నిర్మాణమును, రంగుల వేరియబుళ్లను, స్క్రీన్‌షాటును కూడ తెచ్చుకొనును. లేయరుకు "ఫ్రేమ్ 427" అను యాంత్రికనామమే మిగిలియున్నచో కోడులో దాని ప్రయోజనము తెలియదు. "చెల్లింపు బటను" అని పేరు పెట్టినచో తెలియును. 2019లో వచ్చిన ఆటో లేఅవుటును వాడి గీసినచో, మాట పెరిగినప్పుడు పెట్టె పెరుగవలెనను నియమము కూడ కోడునకు చేరును. ఇది సదర్లండ్ నాటి సంబంధమే.

తెలుగువారికి ఇచ్చట ఒక ప్రత్యేకవిషయము కలదు. హైదరాబాదులోనైనను డిజైనర్లు తఱచుగా ఇంగ్లీషు మాటలతోనే తెరను గీచి, తెలుగును తరువాత నింపుదురు. "రాష్ట్రము" అను మాటను చూడుడు: షకారము క్రింద టవత్తు, దానితో రవత్తు చేరి, పంక్తి క్రిందికి ఎంతో దిగును. వరుస ఎత్తును అక్షర పరిమాణమునకు 1.2 రెట్లుగా, పెట్టె ఎత్తును స్థిరముగా ఉంచి గీసిన బొమ్మనుండి సహాయకుడు ఆ కొలతలనే విశ్వాసముతో తెచ్చును. ఫలితముగ పై వరుసలోని వత్తు క్రింది వరుస గుడిని తాకును, లేదా పెట్టె అంచున తెగిపోవును. సిలికానాంధ్రవారు అందించిన మండలి వంటి మంచి ఖతిని వాడినను ఈ దోషము పోదు, ఏలయన అది అక్షరరూపమున లేదు, విడిచిన చోటునందున్నది. ఇది మన భాషకు జరుగు అన్యాయమనియే నేను భావింతును, దానిని సహింపరాదు.

కావున డిజైనునందే తెలుగు మాటలను నింపి, ఆటో లేఅవుటుతో గీచి, వరుస ఎత్తును ఒక వేరియబుల్‌గా 1.6 వఱకైనను పెంచి, తెలుగు పాఠ్యమున్న ఏ పెట్టెకును ఎత్తును స్థిరపఱచకుమని సహాయకుని నియమావళి ఫైలులో ఒక్క వాక్యము చేర్చవలెను. సహాయకుడు ఆ ఫైలును పని మొదలిడునప్పుడెల్ల చదువును గనుక, అదే ప్రాజెక్టులో అటుపిమ్మట గీసిన తెరలకు ఆ మాటను మరల చెప్పనక్కరలేదు.